ముందు చెయ్యి చాపినవాళ్లు

ఏ సంగతైనా పూర్తిగా తెలుసుకోనిదే వీరభద్రకు అడుగు ముందుకు పడదు. బడిపంతులు. ఆదోనిలో పరుపులు కుట్టే మౌలాలి తాత దగ్గరికి కొన్నేళ్లుగా వచ్చి కూర్చుంటున్నాడు. తాత దూదేకుల సూఫీ గురువు, ఎనభైకి దగ్గర పడ్డాడు. శిష్యుడు ఎన్ని ప్రశ్నలడిగినా విసుక్కోడు. చాలాసార్లు బదులూ చెప్పడు.

ఒక ఆదివారం వీరభద్ర నాలుగేళ్ల కూతురు సుంకులును వెంట తెచ్చాడు. పిల్ల వాకిట్లో ఆడుకుంటుంటే, చొంగ కారుస్తూ వచ్చిన కుక్క ఒకటి పిక్క పట్టుకుంది. తాత పరిగెత్తి పిల్లను లాక్కున్నాడు. కుక్క ఆయన ముంజేతినీ కరిచి పోయింది.

తాత పిల్లను కొళాయి కింద కూర్చోబెట్టి, సబ్బు పెట్టి చాలాసేపు గాయం కడిగాడు. తర్వాత తన చెయ్యి కడుక్కున్నాడు. ముగ్గురూ ఆటోలో ఆసుపత్రికి వెళ్లారు.

డాక్టర్ సుగుణమణి గాయాలు చూసింది. "పిచ్చికుక్కలా ఉంది. జబ్బు ఒంట్లోకి పాకకుండా గాయాల్లో సీరం సూదులు వెయ్యాలి. రెండు జబ్బలకూ చర్మంలోకి టీకా. మళ్లీ చెప్పిన రోజుల్లో వచ్చి వేయించుకోవాలి."

"ఇద్దరికీ ఒకటే టీకానా?" అన్నాడు వీరభద్ర.

"ఒకటే."

"ఆయనకు వేసినంతే దీనికీనా?"

"టీకా అంతే. వయసును బట్టి తగ్గించం."

వీరభద్ర గొంతు పెరిగింది. "కండకు వేసే పద్ధతి వేరే ఉందట. పిల్లలకు ఏది మంచిది? ముసలివాళ్లు ఏది తట్టుకుంటారు? జ్వరమొచ్చి ఫిట్స్ వస్తే?"

"రెండు పద్ధతులూ మంచివే. చెయ్యి నొప్పెట్టొచ్చు, కాస్త ఒళ్లు వెచ్చబడొచ్చు. ఆలస్యం చేస్తేనే ప్రమాదం సార్."

"హైదరాబాదులో మా బావమరిదిని అడిగి కనుక్కుని, రేపు వస్తాం." పిల్లనెత్తుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

"నాయనా, బిడ్డను నాకియ్యి," అన్నాడు తాత.

గురువు మాట తీసెయ్యలేక ఇచ్చాడు. తాత పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన చొక్కా చేతులు పైకి మడిచాడు.

"సుంకులూ, నాకు నొప్పెడితే నువ్వు ఊదాల. నీకు నొప్పెడితే నేను ఊదుతా. సరేనా?"

పిల్ల తలూపింది. డాక్టరమ్మ ముందు తాతకు వేసింది. సుంకులు బుగ్గలు నింపుకుని ఆయన జబ్బ మీద ఊదింది. తర్వాత తన చెయ్యి తనే చాపింది. సీరం వేసినప్పుడు మాత్రం గుక్కపెట్టి ఏడ్చింది. తాత కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఊదడం మాత్రం ఆపలేదు.

గుమ్మంలో వీరభద్ర అలాగే నిలబడిపోయాడు.

ఆ సాయంత్రం పిల్ల ఒళ్లు కొంచెం వెచ్చబడింది. తాతకు జబ్బలు సలిపాయి. తెల్లారేసరికి పిల్ల లేచి అన్నం అడిగింది. చెప్పిన రోజుల్లో ఒక్కటి తప్పకుండా వీరభద్రే ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఆఖరి టీకా అయ్యాక డాక్టరమ్మకు దండం పెట్టాడు. "నా బిడ్డ దక్కింది. మీ మేలు మరిచిపోను. ఆ రోజు అంత గట్టిగా ఎలా చెప్పగలిగారమ్మా?"

"నా గొప్పేం లేదు సార్. ముందు ఎక్కడెక్కడో ఎంతోమందికి ఈ టీకా రకరకాల పద్ధతుల్లో వేసి చూశారు. పసిపిల్లలకు, పడుచువాళ్లకు, ముసలివాళ్లకు. ఎవరికి జ్వరమొచ్చింది, ఎవరికి చెయ్యి వాచింది, అందర్నీ అడిగి, పోల్చి చూశారు. వాళ్లు ఒప్పుకోబట్టి మనకు తెలిసింది."

"ఎవరమ్మా వాళ్లు?"

"నాకూ తెలియదు."

తాత రెండు అరచేతులూ పైకెత్తి, కళ్లు మూసుకున్నాడు. పెదాలు మెల్లగా కదిలాయి. దువా ముగించి, అరచేతులతో మొహం తుడుచుకున్నాడు.

"పేరు తెలియనివాళ్లకు దువా ఎట్లా తాతా?" అన్నాడు వీరభద్ర.

తాత అతని వైపు తిరిగాడు.

"ఎవరో ఒక తల్లి ఇట్లాగే ఒళ్లో బిడ్డను పెట్టుకుని కూర్చుంది నాయనా. నీకున్నంత భయమే ఆమెకూ ఉండేది. ఏమీ కాదని చెప్పేవాళ్లే అప్పటికి లేరు."

వీరభద్ర సుంకులును దగ్గరికి తీసుకుని, పిల్ల రెండు చేతులూ తన చేతుల్లో కలిపి, కళ్లు మూసుకున్నాడు.