తురాయి మందు

పశువుల ఆస్పత్రి పెరట్లో సింహాద్రి అనే పుంజు ఉండేవాడు. కూత చీమ దగ్గినట్టు, నెత్తిన తురాయి ఎండిన చిక్కుడుకాయలా. పెళ్లాం గవరమ్మకి ఆ తురాయితో పేచీ లేదు. వాడి ఏడుపుతోనే పేచీ.

ఓనాడు జంబులింగం నక్క ఆస్పత్రి చెత్తలో దొరికిన సీసాతో దిగాడు.

"ఆండ్రోజెన్ అన్నా! మగ హార్మోను. తాగితే నీ తురాయి మందారమే. ధర గుక్కకో కోడిపిల్ల."

సింహాద్రి పెళ్లాన్ని అడక్కుండా ఓ గుక్క అప్పు మీద మింగేశాడు. వారమైనా చిక్కుడుకాయ చిక్కుడుకాయే. నక్క బాకీ వసూలుకి సంచీతో వచ్చాడు.

"మోతాదు చాల్లేదు వదినా. ఇంకో గుక్క, ఇంకో పిల్ల."

గవరమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. "ఆగు మరిదీ! డాక్టరుగారు ఈయన రక్తం పరీక్ష చేసినప్పుడు కిటికీ కిందే ఉన్నా. ఆ హార్మోను ముందే కావలసినంత ఉందిట. పుచ్చుకునేవాడే లేడు."

"ఎవడు వాడు?" అన్నాడు నక్క.

"గ్రాహకం అంటారు. కణమంటే ఓ ఇల్లనుకో. హార్మోను అన్ని వీధులూ తిరుగుతుంది. గ్రాహకం ఉన్న ఇంట్లోనే వాడు దాన్ని చెయ్యిపట్టి లోపలి గదికి తీసుకెళ్లి, నిద్రపోతున్న జన్యువుని తట్టి లేపుతాడు, 'ఇక పెరుగు' అని. ఈయన తురాయిలో ఆ గ్రాహకం పుట్టుకతోనే చచ్చుబడింది. కుండెడు పోసినా చెవిటివాడి ముందు శంఖమే."

"అయితే నేను మగాణ్ని కానా?" సింహాద్రి గొల్లుమన్నాడు.

"నువ్వు నోర్మూసుకుంటే మహారాజువి."

"అబద్ధం! ఎవరు తాగినా పనిచేస్తుంది," అన్నాడు నక్క.

"అయితే సీసా మొత్తం నువ్వే ఎత్తు. నీ నెత్తిన తురాయి మొలిస్తే పిల్లలన్నీ నీవే."

రెక్కల కింద కిచకిచలు విని నక్కకి నోరూరింది. గటగటా తాగి, నీళ్లతొట్టిలో నెత్తి చూసుకుంటూ అక్కడే మకాం వేశాడు. నెత్తిన తురాయి కణాలే లేవు, ఏం మొలుస్తుంది? కానీ గ్రాహకాలు కాచుక్కూర్చున్న చోట్లు వేరే ఉన్నాయి, నక్క వాసన గ్రంథులు. అవి ఒక్కసారి మేలుకున్నాయి. జంబులింగం చేపలసంతలా కంపు కొట్టాడు. కనబడ్డ ప్రతి రాటకీ కాలెత్తాడు. తొట్టిలో తన నీడ మీసం దువ్విందని దాంతోనే కుస్తీకి దిగాడు.

గాలి మళ్లింది. ఊరకుక్కలన్నీ ముక్కులెత్తాయి. నక్క గడ్డివాములో దూరినా, తూములో దూరినా కంపు ముందే వెళ్లి కబురు చెప్పేది. చివరికి కంచె దూకుతుండగా తోక కుక్కల నోట ఉండిపోయింది.

"తురాయి మొలిచిందా వాడికి?" ఆశగా అడిగాడు సింహాద్రి.

"లేదు. తోక పోయింది," అంది గవరమ్మ, పిల్లల్ని బయటికి వదులుతూ.

మందు ఊరంతా తిరుగుతుంది, తలుపు తీసిన ఇంట్లోనే కాపురం పెడుతుంది. నీ ఒంట్లో ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియకుండా సీసా ఎత్తకు.