గోడలో మిగిలిన వైరు

మా గురువు ఓబులేసయ్యకు ఒక అలవాటు ఉండేది. నేతలో తప్పు పడిందని శిష్యుడు చీర తెచ్చి చూపిస్తే ఆయన ఆ తప్పు వైపు చూసేవాడే కాదు. "పోగు పట్టుకో" అనేవాడు. తప్పు పడిన చోట పోగును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, వెనక్కి వెనక్కి, అది ఎక్కడ మొదలయిందో అక్కడిదాకా పోవాల. మధ్యలో వేలు ఎత్తితే మళ్ళీ మొదటినుంచి పట్టుకోవాల్సిందే. ధర్మవరంలో ఆయన దగ్గర చీర అంచులు గీయడం నేర్చుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాము. ఈ ఒక్క పని సరిగ్గా నేర్చుకున్నవాళ్ళు తక్కువ. ఎవరెవరు నేర్చుకోలేదో నాకు బాగా గుర్తుంది. పేర్లు రాయను.

చౌడప్ప పేరు మాత్రం రాయక తప్పదు. చేయి మంచిది, మనిషే తొందర. ఒక పొద్దున గురువు అరుగు మీద కాఫీ తాగుతా ఉంటే వచ్చి నిలబడినాడు. నేను పక్కనే ఉన్నాను.

"గురువా, మనం నమ్మి తాళంచెవి చేతికిచ్చినవాడే దొంగయితే ఏం చేయాల?"

"ఎవురప్పా ఆ దొంగ?"

"మా వన్నూరప్ప."

గురువు కాఫీ గ్లాసు కింద పెట్టినాడు. వన్నూరప్ప చౌడప్ప నాయన కాలంనుంచి ఆ ఇంటి మగ్గం మీద నేసేవాడు. అతని చేతి కింద పోగు తెగిందంటే పట్టుదే తప్పు అనుకునేవాళ్ళము.

జరిగింది చౌడప్ప చెప్పినాడు. కంప్యూటర్లో చాలా దినాలు కూచుని ఒక కొత్త అంచు గీసినాడు. వేరుశనగ చెట్టు అంచు. ఆకు కింద పసుపు పువ్వు, పువ్వు కింద నేలలోకి దిగే ఊడలు. మన పొలాల్లో రోజూ చూసేదే అయినా అంచు మీదికి ఎవరూ తేలేదు. మొదటి చీర వన్నూరప్ప నేస్తానే ఉన్నాడు, ఇంకా మగ్గం మీదనుంచి దిగనేలేదు. అంతలో అదే అంచు చీర, ఊడల వంపుతో సహా, బజారులో ఒక అంగట్లో వేలాడతా కనిపించింది. ఎవరు తెచ్చినారని అడిగితే అంగడాయన నవ్వి "అది మాత్రం అడగొద్దన్నా" అన్నాడు.

"డిజైను కంప్యూటర్లో ఉండాది. కంప్యూటరు నెట్టులో ఉండాది. వైఫైకి నేను పెట్టించిన పాస్‌వర్డు దేవుడికి కూడా గుర్తుండదు. ఇంటివాళ్ళు కాకుండా దాన్ని ఇచ్చింది ఒక్క వన్నూరప్ప ఫోనుకే. బళ్ళారిలో ఉండే కూతురి మొగం చూసుకుంటాడు పాపమని ఇచ్చినా. ఇంక వేరే ఎవురు గురువా? అందుకే మగ్గం మీంచి లెయ్యమన్నా."

"ఎట్లన్నావు?"

"నేతగాళ్ళందరి ముందరే అన్నా. 'బట్ట సగంలో ఉండాది చౌడప్పా' అని ఒక మాట అని లేచి పోయినాడు."

ఆ తర్వాత సంగతి చౌడప్ప చెప్పలేదు, నాకు తెలుసు. డిజైను దొంగ అని పేరు పడినవాణ్ణి ఊళ్ళో ఏ ఇంటివాళ్ళూ మగ్గం మీద కూచోనియ్యరు. పని కోసం వన్నూరప్ప తిరగని వీధి లేదు. ఆ చేతులు ఊరికే ఉన్నాయి.

"పంచాయితీ పెట్టేదా? లేకపోతే పొమ్మని వేరేవాణ్ణి చూసుకునేదా?" అని చౌడప్ప అడిగినాడు.

గురువు లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "మీ ఇంటికి పోదాం పా."

చౌడప్ప ఇల్లు మునుపు ఒకటే ఇల్లు. అన్నదమ్ములు వేరుపడినాక నడిమి హాలులో గోడ లేచింది. పడమటి భాగం తమ్ముడు రంగనాయకులుది. అప్పటినుంచి రెండిండ్ల మధ్య మాటల్లేవు. గోడ కట్టినాక చౌడప్ప నెట్టు బిగించే మనిషిని పిలిపించినాడు. అతను వచ్చి, వైఫై పాస్‌వర్డు మార్చి, ఇంక మీ ఇంట్లోకి చీమ కూడా దూరదని చెప్పి పోయినాడు. బీరువా వెనక ఏముందో వంగి చూడలేదు. ఆ మనిషి ఇప్పటికీ బజారులో నాకు దండం పెడతాడు. నేను పెట్టను.

గురువు గోడకున్న నెట్టు పెట్టెను కొంచెంసేపు చూసినాడు. "పోగు మొదలయ్యేది ఇక్కడేనా?"

"అవును గురువా. దీన్నుంచి ఫోన్లకు గాల్లో పోతాది. ఈ వైరు నా కంప్యూటరుకు పోతాది."

"ఈ రెండోది?"

"అదా, అది పాతది."

"పాతదని ఎవురు చెప్పినారు? వైరు చెప్పిందా?"

చౌడప్ప వంగి ఆ రెండో వైరు వైపు చూసినాడు.

"పోగు పట్టుకో."

చౌడప్ప ఆ వైరును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నడిచినాడు. కిటికీ కింద పోయి, మూల తిరిగి, బీరువా వెనక్కి దూరింది. బీరువాను నేనూ ఒక చెయ్యి వేసి జరిపినాను. వైరు నేలనంటుకుని పోయి కొత్త గోడలో దూరి ఉంది. మేస్త్రి దాన్ని కోయకుండా చుట్టూ సిమెంటు పూసి, పైన సున్నం కొట్టినాడు. అతను చేసిన పని నున్నగానే ఉంది.

"పెట్టె దగ్గర పీకు" అన్నాడు గురువు.

పీకినాడు. గోడ అవతలనుంచి వెంటనే రంగనాయకులు పెండ్లాం నాగలక్షుమ్మ గొంతు వినబడింది.

"ఏమయ్యో, నెట్టు పాయ! చూడు, మీ అన్న ఆ ఒక్క పోగూ తెంపినాడు."

చౌడప్ప చేతిలో వైరు అట్లే ఉండిపోయింది. మొదట కోపం వచ్చినట్టే ఉంది. ఆ కోపాన్ని ఆ మాటలో ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు.

గురువు కిటికీ దగ్గరికి పోయి పిలిచినాడు. "అమ్మా నాగలక్షుమ్మా, ఇట్లా ఒకసారి రా తల్లీ."

ఆమె వచ్చింది కానీ గడప దాటలేదు. వాకిట్లోనే నిలబడింది.

"ఆ నెట్టు మీ బావ ఇచ్చినాడనుకున్నావా అమ్మా?"

"ఇయ్యకపోతే యాడనుంచి వస్తాది సామీ? గోడ లేచిన దినమే ఫోన్లకు ఆగిపాయ. కంప్యూటరుకు మాత్రం ఆగలా. ఫోనంటే ఆటకు, కంప్యూటరు కూటికి గదా. కూటికి మాత్రం వదిలినాడే మా అన్న అని మా ఆయన కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు."

"మరి ఆ వేరుశనగ అంచు?"

"కలిసి ఉన్నప్పటి మాదిరే డిజైన్లన్నీ మా కంప్యూటర్లోనూ తెరుచుకుంటా ఉండె. కొత్తది కనపడె. మేమూ నేసుకోవాలనే పెట్టినాడనుకుంటిమి. మాటల్లేవు గదా, యా మొగం పెట్టుకోని అడిగేది?" అని, అప్పుడు చౌడప్ప వైపు తిరిగింది. "తప్పయింటే చెప్పు బావా. ఆ చీర అంగట్లోంచి వెనక్కి తెచ్చుకుంటాము."

చౌడప్ప ఆమె మొగం చూడలేకపోయినాడు. గురువు వైపు తిరిగి అడిగినాడు, అదీ నిదానంగా: "వైరు మళ్ళీ పెట్టేదా, తీసేసేదా?"

"తీసెయ్. గోడలోనుంచి పోయేది ఇచ్చినట్టు కాదు, కారిపోయినట్టు. ఇచ్చేదుంటే వాకిట్లోనుంచి ఇయ్యి."

ఆ మధ్యాహ్నమే ఆ పని అంతా అయింది. గోడలో వైరు కోసేసినారు. డిజైన్లకు తాళం పడింది, కంప్యూటరుకు వేరే పాస్‌వర్డు పడింది. ఇంట్లోవాళ్ళ నెట్టు ఇంట్లోవాళ్ళకే పెట్టి, వచ్చిపోయేవాళ్ళకు వేరే పేరుతో ఒకటి పెట్టినారు. దాన్నుంచి కంప్యూటర్లోకి దారి లేదు. ఈసారి బిగించినవాణ్ణి నేనే దగ్గరుండి చూసినాను, బీరువా వెనకదాకా. ఆ వేరే పేరు, దాని పాస్‌వర్డు చౌడప్ప గడప మీద నిలబడి మరదలికి తన నోటితోనే చెప్పినాడు. ఆమె ఒకసారికే పట్టుకోలేక మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పినాడు.

బిగించినవాడూ నాగలక్షుమ్మా పోయినాక చౌడప్ప మగ్గం దగ్గరికి వచ్చినాడు. సగం నేసిన చీర మీద పాత పంచె కప్పి ఉంది. దుమ్ము పడకుండా ఆ పంచె కప్పింది వన్నూరప్పే, లేచిపోతా పోతా. చౌడప్ప దాన్ని చూసి జేబులోనుంచి ఫోను తీసి, వన్నూరప్ప నంబరు వెతకడం మొదలుపెట్టినాడు.

గురువు అప్పటికే వాకిట్లో చెప్పులు తొడుక్కుంటా ఉన్నాడు. తల తిప్పకుండానే అడిగినాడు.

"ఆ పొద్దు లెయ్యమన్నది ఫోన్లోనేనా చౌడప్పా?"