రెండొందల పదకొండో ముక్క

ఏసుబాబు పనిలో నెమ్మది. అదే అతని దిగులు.

పదేళ్ళు ఆటో తోలి, ముప్ఫయ్యో ఏట రేకు పని నేర్చుకుందామని సుభానీ మేస్త్రీ దగ్గర చేరాడు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. అందులో రేకు వంచే మిషన్ ఒకటి. కింద గాడి ఉన్న దిమ్మ, పైనుంచి ఆ గాడిలోకి దిగే ఉక్కు బద్ద. రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే ఆ బద్ద దిగుతుంది.

మేస్త్రీ చెప్పినవన్నీ ఏసుబాబు బుద్ధిగా చేసేవాడు. ముందు ఒక తుక్కు ముక్క వంచి చూసుకునేవాడు. వంచిన రేకు కాస్త వెనక్కి తెరుచుకుంటుంది కనక రెండు డిగ్రీలు ఎక్కువే వంచేవాడు. చిన్న ముక్కలైతే అయస్కాంతంతో నిలబెట్టి, చేతులు బయటికి తీసి, అప్పుడు బటన్లు నొక్కేవాడు.

ఆ వారం గొట్టాలు గోడకి బిగించే క్లాంపులు నాలుగొందలు కావాలన్నారు. అరచేతిలో సగం కూడా లేని ముక్కలు. ఒక్కోదానికీ అయస్కాంతం పెట్టాలి, తీయాలి. మధ్యాహ్నానికి అరవై కూడా కాలేదు.

మేస్త్రీ నమాజుకు వెళ్ళాడు. ఏసుబాబు మిషన్ వంక కాసేపు చూశాడు. కుడివైపు బటన్‌ని లోపలికి నొక్కి, లేవకుండా తీగతో బిగించి కట్టాడు. ఇప్పుడు కుడిచేత్తో ముక్క పట్టుకుని ఎడమచేత్తో నొక్కితే చాలు. ముప్పావుగంటలో నూట ఇరవై అయ్యాయి. హుషారుగా ఈల కూడా వేశాడు.

మేస్త్రీ తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. క్లాంపుల కుప్ప చూశాడు. తీగ చూశాడు. గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ ఆపేశాడు.

"చూశారా మేస్త్రీ గారూ, సాయంత్రానికి మొత్తం..."

"బండెక్కు" అన్నాడు మేస్త్రీ.

పటమటలో ఒక అపార్ట్‌మెంట్ ముందు స్కూటర్ ఆపాడు. కింద వాచ్‌మన్ గదిలో మంచం మీద యాభై ఏళ్ళాయన కూర్చుని ఉన్నాడు. వీళ్ళని చూసి లేచాడు.

"ఏంటి మేస్త్రీ గారూ, మొన్ననేగా వచ్చారు? గోళ్ళు ఇంకా పెరగనేలేదు."

ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయి ఉంది.

మేస్త్రీ జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి ఏసుబాబు చేతిలో పెట్టాడు. "నువ్వు తియ్యి."

ఏసుబాబు మంచం అంచున కూర్చుని, ఆయన ఎడమచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది.

"నా పేరు నాంచారయ్య" అన్నాడాయన. "అన్ని పనులూ వచ్చేశాయి తమ్ముడూ, ఒంటిచేత్తో. చొక్కా గుండీలు పెట్టుకుంటాను. సైకిల్ తొక్కుతాను. ఈ చేతి గోళ్ళు మాత్రం ఈ చెయ్యి తీసుకోలేదు కదా! మా ఆవిడ తీస్తానన్నా మేస్త్రీ గారు ఒప్పుకోరు."

మేస్త్రీ బయట వరండాలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

"రేకు వంచే మిషన్ మీదా నీ పని? ఎన్ని అడిగారు?" అన్నాడు నాంచారయ్య.

"నాలుగొందలు."

"నన్ను మూడొందలు అడిగారు. రెండొందల పదకొండో ముక్క. లెక్కపెట్టుకుంటూ వంచేవాణ్ణిలే, అందుకని గుర్తు."

ఏసుబాబు చెయ్యి ఆగింది. "ఆ ఆర్డరు ఏమైందన్నా?"

"ఏమవుతుంది? మిగతావి ఎవరో వంచేశారంట. టైముకే వెళ్ళిపోయింది." నాంచారయ్య చిటికెనవేలు ముందుకు చాపాడు. "ఇదొకటి మిగిలింది."

ఏసుబాబు ఆ గోరు చాలా జాగ్రత్తగా తీశాడు.

టీ తాగి వెళ్ళమని నాంచారయ్య ఎంత బతిమాలినా మేస్త్రీ ఆగలేదు. స్కూటర్ దగ్గరికి వచ్చాక ఏసుబాబు తలొంచుకుని, "తప్పయింది మేస్త్రీ గారూ" అన్నాడు.

మేస్త్రీ తలూపాడు. బండి తీయలేదు.

"ఆయన ఎవరి దగ్గర పనిచేసేవారు?"

"నా దగ్గరే. నా మొదటి శిష్యుడు."

"మరి... ఆయనా నాలాగే బటన్ కట్టేసుకున్నారా?"

మేస్త్రీ అతని చేతిలోంచి నెయిల్ కట్టర్ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"వాడు కట్టలేదు. నెమ్మదిగా చేస్తున్నాడని నేనే కట్టిచ్చాను."

ఏసుబాబు తలెత్తి మేస్త్రీ వంక చూశాడు.

"ఇరవై రెండేళ్ళయింది" అన్నాడు మేస్త్రీ. "ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది."