గాజుబిళ్ళ వచ్చేదాకా

మండపేటలో పేరయ్యగారు పెళ్ళి వీడియో తీస్తే, అది చూసిన పెళ్ళికొడుకు మళ్ళీ తాళి కడతానని పేచీ పెట్టేవాడు. అంత మొనగాడాయన. ఆయనకో అలవాటుంది. శిష్యుడు ఏదన్నా అడిగితే జవాబు చెప్పడు, పని చెప్తాడు. ఆ శిష్యుడు బుల్లబ్బాయికేమో పని మీద కన్నా ఫోన్లో వచ్చే కబుర్ల మీద గురెక్కువ.

గోరంత గాజుబిళ్ళలో గోదావరి జిల్లాల పెళ్ళి వీడియోలన్నీ పట్టేస్తాయని, వెయ్యేళ్ళయినా చెక్కుచెదరవని ఆ ఫోన్లోనే చదివాడు. అంతే, స్టూడియోలో పాత క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించడం మానేశాడు. ఏటా "వచ్చే ఏడాదే బజార్లోకి" అని రాస్తారు. ఏటా వీడు నమ్ముతాడు.

ఆ రోజు మంగతాయారు మళ్ళీ వచ్చింది. ఆమె పెళ్ళి క్యాసెట్టు స్టూడియోలోనే ఉంది. అప్పగింతలప్పుడు వాళ్ళ నాన్న పాడిన పాట అందులో ఉంది. ఆయన పోయాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"ఏం బాబూ, ఎక్కించావా?"

"ఈ డొక్కు డిస్కులోకి ఎందుకక్కా, ఇవాళుంటే రేపు పోద్ది. గాజుబిళ్ళ రానీ, మీ మునిమనవలు కూడా వింటారు."

"మునిమనవల సంగతి తర్వాత. నేను వినాలి కదయ్యా," అని వెళ్ళిపోయింది.

బుల్లబ్బాయికి మనసు అదోలా అయింది. "గురువుగారూ, ఆ గాజుబిళ్ళ వస్తుందంటారా, రాదంటారా?"

పేరయ్యగారు కెమెరా తుడుచుకుంటూ, "రేపు మా ఇంట్లో ఆవకాయ. పొద్దున్నే వచ్చి కాయ కొట్టు," అన్నాడు.

కొట్టాడు. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు మరి, కత్తి చప్పుడు కాకినాడ ఓడల్లోకి వినపడింది. ముక్కలు తుడిచి గుడ్డ మీద పోశారు. కారం, ఆవపిండి, నూనె అన్నీ సిద్ధం. పేరయ్యగారి భార్య సూరమ్మ, మూలనున్న అంచు విరిగిన జాడీ తెమ్మంది.

"ఆగు," అన్నాడు పేరయ్యగారు. "రాజమండ్రిలో ఎవడో ఉగ్గుగిన్నంత జాడీ చేస్తున్నాడంట. ఏడాది ఆవకాయంతా పట్టుద్దంట. బూజే రాదంట. అది రానీ."

"ఎండదెబ్బ గానీ తగిలిందా మీకు?" అంది సూరమ్మ.

నవ్వాలో ఊరుకోవాలో బుల్లబ్బాయికి తెలీలేదు. గురువు మొహం చూస్తే అందులో ఏమీ దొరకలేదు. ముగ్గురూ ముక్కల చుట్టూ కూర్చున్నారు. ఎండెక్కింది. ముక్కలు చెమ్మ పట్టడం మొదలైంది, చీమలకి కబురందింది.

"ఎప్పుడొస్తుందండీ ఆ జాడీ?" అన్నాడు బుల్లబ్బాయి.

"వచ్చే ఏడాదంట."

"మరి ముక్కలో?"

"ఆగమని నువ్వే చెప్పి చూడు."

బుల్లబ్బాయి కాసేపు ముక్కల వంక, కాసేపు గురువు వంక చూశాడు. ఆయన హాస్యమాడుతున్నాడా, నిజంగానే మతి తప్పిందా? అంతుపట్టలేదు. ఇక ఉండబట్టలేక ఆ విరిగిన జాడీనే ఈడ్చుకొచ్చి సూరమ్మ ముందు పెట్టాడు. చెయ్యి కడుక్కుని, ఎందుకో తనకే తెలీకుండా, స్టూడియోకి నడిచాడు.

మంగతాయారు క్యాసెట్టు తీసి చూస్తే, టేపు అంచున తెల్లగా బూజు. మెత్తటి గుడ్డతో తుడిచి, ఊపిరి బిగబట్టి ఆడించాడు. బొమ్మ నిండా గీతలు. పాట మొదటి చరణం గరగరలో కొట్టుకుపోయింది. రెండో చరణానికి ముసలాయన గొంతు పైకి తేలింది. డొక్కు డిస్కులోకి ఎక్కుతూ ఉంది.

సాయంత్రం పేరయ్యగారు గిన్నెలో కొత్తావకాయ అన్నం తెచ్చాడు.

"గురువుగారూ, నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు. రేపు నిజంగానే గాజుబిళ్ళ వచ్చిందనుకోండి, అప్పుడో?"

"చెయ్యి పట్టు," అని ముద్ద పెట్టాడు పేరయ్యగారు. "వస్తే అందులోకి తోడుకుందాం."