ఈరమ్మ వంతు

మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పిన సంగతి ఇది. రాజులు గుర్రమెక్కి ఊళ్లు చూసే కాలం నాటిది.

ఆ సీమను ఏలే రాజు కోట పక్కన పెద్ద విద్యాలయం కట్టించాడు. "చదువుకు దమ్మిడీ కట్టక్కర్లేదు, ఎవరైనా రావచ్చు" అని ఊరూరా దండోరా వేయించాడు.

ఆ విద్యాలయం వాకిలి ఊడ్చేది ఈరమ్మ. నా అనేవాళ్లు లేని మనిషి. రోజూ పొద్దున్నే వాకిట్లో ఇసుక చదును చేసేది. మొదటి ఏడు ఇసుక నిండా చెప్పుల జాడలే. రెండో ఏడూ చెప్పుల జాడలే. మూడో ఏడూ అంతే. వట్టి కాలి జాడ ఒక్కటీ లేదు.

ఆ ఏడు రాజు వచ్చాడు. కిటకిటలాడుతున్న చావడి చూసి మురిసిపోయాడు.

"నా రాజ్యంలో చదువు అందరిదీ!" అన్నాడు.

ఈరమ్మ చీపురు పక్కన పెట్టింది. "ఇంకా కాలేదు సామీ. వట్టి కాళ్ల బిడ్డ ఒక్కరూ ఈ వాకిలి తొక్కలేదు."

"తలుపు తెరిచే ఉంది కదా! రానివాళ్లను నేనేం చేసేది?"

వాళ్లెందుకు రావడం లేదో ఈరమ్మ కనుక్కుందామని బయల్దేరింది.

మొదటి ఊళ్లో కుమ్మరాయన అన్నాడు, "పంపుతాం సరే, అక్కడ బిడ్డకు కూడెవరు పెడతారు?"

రెండో ఊళ్లో మగ్గం నేసే ఆమె అంది, "చేరాలంటే శ్లోకాలు అప్పజెప్పాలంట. మా బిడ్డకు ఎవరు నేర్పినారమ్మా?"

మూడో ఊళ్లో ఓబులమ్మ అనే పిల్ల గొర్రెలు మేపుతోంది. "నాకు చదువంటే శానా ఆశ అవ్వా. మా నాయనకు కాలు పడిపోయింది. నేను పోతే వీటినెవరు మేపుతారు?"

ఈరమ్మ తిరిగొచ్చి మూడు మాటలూ రాజుకు చెప్పింది. రాజు విని ఇలా అన్నాడు.

"పూటపూటా కూడు పెట్టిస్తా. శ్లోకాలు రానివాళ్లకు ముందుగా ఒక ఏడు నేర్పే అయ్యవారిని పెడతా. గొర్రెల సంగతి మాత్రం నా చేతిలో లేదు."

"అది నా చేతిలో ఉంది సామీ" అని ఈరమ్మ పని మానుకుని ఓబులమ్మ ఇంటికి పోయింది.

ఊరివాళ్లు నవ్వారు. "పరాయి బిడ్డ చదువుకు ఈమె గొర్రెలు కాస్తుందంట!" ఈరమ్మ పట్టించుకోలేదు. ఎండకు కాసింది, వానకు కాసింది, చలికి కాసింది. ఆరేళ్లు కాసింది. ఆరో ఏడు జ్వరమొచ్చి మంద దగ్గరే కన్నుమూసింది.

కబురు విని ఓబులమ్మ ఏడుస్తూ వచ్చింది. ఇంకొక్క ఏడు చదువు మిగిలుంది. అయినా గొర్రెల కర్ర అందుకుంది.

అప్పట్లో అందరికంటే గట్టిగా నవ్విన పక్కింటి నరసక్క ఆ కర్ర పట్టుకుంది. "ఇటియ్యి తల్లీ. నువ్వు పో. ఈరోజు నేను మేపుతా, రేపు ఎదురింటోళ్లు మేపుతారు."

అలా ఏడాది గడిచింది. ఓబులమ్మ చదువు ముగించి అదే విద్యాలయంలో పంతులమ్మ అయింది.

ఈనాటికీ ఆ సీమలో లేనింటి బిడ్డ చదువుకు పోతే ఆ ఇంటి పని ఇరుగుపొరుగు పంచుకుంటారు. నీళ్లు మోసేవాళ్లు మోస్తారు, కలుపు తీసేవాళ్లు తీస్తారు. "మీకెందుకీ శ్రమ?" అంటే, "ఈ పూట ఈరమ్మ వంతు మాది" అంటారు.