తవిటయ్య బండి వెనకాలే

బొబ్బిలి బస్టాండు వెనక సందులో గౌరునాయుడని ఒక కుర్రాడు ఉండేవాడు, మంచి ఆటగాడే, కానీ తన ఎదురుగా ఇంకొకడిని ఎవరైనా మెచ్చుకుంటే చాలు, ఆ పూట వాడికి అన్నం సయించేది కాదు.

ఆట అంటే కబడ్డీ అనుకునేరు. కాదు, కంప్యూటర్ ఆట. ఆ సందులోనే కామేశ్వరి అనే ఆవిడ గేమ్స్ సెంటర్ నడిపేది. ఒకప్పుడు అది ఇంటర్నెట్ సెంటర్. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాక ఆ కంప్యూటర్లని అడిగేవాడు లేకుండా పోయాడు. ఆవిడేమో గట్టి మనిషి. తాళం వేసుకుని ఇంటికి పోలేదు, వాటిల్లో ఆటలు పెట్టేసింది. అందులో అందరికీ పిచ్చెక్కించింది ట్రక్కుల ఆట. పెద్ద స్టేడియం, చుట్టూ జనం కేకలు. మధ్యలో గడ్డి ఉండదు, అంతా బురద, మట్టి దిబ్బలు, గోతులు. మనిషెత్తు చక్రాలున్న ట్రక్కులు ఆ దిబ్బలెక్కి గాల్లోకి లేచి, మళ్ళీ ధభీమని పడి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పరుగెడతాయి. చూసేవాళ్ళకే కాళ్ళు ఒక చోట నిలవవు, ఇక ఆడేవాళ్ళ సంగతి చెప్పాలా.

ఆ సెంటర్లో ఒక కట్టుబాటు ఉండేది. కంప్యూటర్లన్నిటికీ కీబోర్డులే. ఒక్క దానికి మాత్రం నిజం బండికి ఉన్నట్టు స్టీరింగూ, కాళ్ళకింద పెడళ్ళూ ఉండేవి. ఆ వారం ఎవరు అందరికన్నా వేగంగా రౌండు తిరిగితే, పై వారమంతా ఆ కుర్చీ వాళ్ళదే. చాలాకాలం ఆ కుర్చీ గౌరునాయుడిదే. వాడు లోపలికి అడుగు పెడితే కూర్చున్నవాళ్ళు లేచేవాళ్ళు. "మన డ్రైవరు గారొచ్చేరు" అనేది కామేశ్వరి. ఆ మాట వినడానికే వాడు రోజూ వెళ్ళేవాడేమో కూడా.

అంత బాగున్న రోజుల్లో తనతోపాటు పాలిటెక్నిక్ చదివే తవిటయ్యని తనే చేయి పట్టుకుని సెంటరుకి తీసుకొచ్చాడు. తవిటయ్య అమాయకుడు, ఎప్పుడూ నవ్వు మొహం. మొదటి రోజు బండిని గోడకేసి గుద్ది, వెనక్కి ఎలా తిప్పాలో తెలీక మొత్తం ఆటంతా గోడనే చూస్తూ కూర్చున్నాడు.

"ఒరే, గోడని పెళ్ళాడతావేటి, వెనక్కి లాగు" అని గౌరునాయుడు వాడి వేళ్ళు పట్టుకుని నేర్పాడు. దిబ్బ ఎక్కే ముందు యాక్సిలరేటర్ ఎప్పుడు వదలాలి, దిగేటప్పుడు ముక్కు ఎలా కిందికి ఉంచాలి, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. అప్పట్నుంచీ తవిటయ్య వాడిని "గురువా" అనేవాడు. సరదాకి మొదలెట్టి, నిజంగానే గౌరవంగా అనేవాడు.

నేర్పినంతవరకూ బాగానే ఉంది. నేర్చుకోవడమే ఎక్కువైంది.

ఒక ఆదివారం తవిటయ్య రౌండు పూర్తిచేసేసరికి తెర మీద వాడి పేరు పైకెక్కి కూర్చుంది. గౌరునాయుడి పేరు కిందికి దిగింది. సెంటరంతా ఒక్క అరుపు అరిచింది. తవిటయ్యకి ఏం జరిగిందో ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పరుగున వచ్చి గౌరునాయుడిని కావలించుకున్నాడు.

"గురువా, నీ దయే ఇదంతా."

"ఏదో కలిసొచ్చిందిలే" అన్నాడు గౌరునాయుడు. పైకి నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు.

మర్నాడు స్టీరింగు కుర్చీలో తవిటయ్య కూర్చున్నాడు. కామేశ్వరి టీ తెప్పిస్తే మొదటి గ్లాసు వాడికే ఇచ్చింది. గౌరునాయుడు అది చూశాడు. తన గ్లాసు తీసుకుని, "నాకు తలనొప్పక్కా" అని తాగకుండా అక్కడే పెట్టేశాడు. ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ పెసరట్టు వేసి పెడితే, "ఉప్పెక్కువైంది" అన్నాడు. ఉప్పు సరిగానే ఉంది పాపం. వాడి లోపలే ఏదో ఎక్కువైంది.

ఆ ఆటలో ఒక ఏర్పాటు ఉంది. అందరికన్నా వేగంగా ఎవరు తిరిగారో వాళ్ళ బండిని మన ముందు పరుగెత్తించుకోవచ్చు. అది గాజుతో చేసినట్టు, లోపల్నుంచి అవతలిది కనబడేట్టు ఉంటుంది. గుద్దినా తగలదు. మనిషి లేకుండా పరుగెడుతుంది కాబట్టి సెంటర్లో అందరూ దాన్ని దెయ్యం బండి అనేవారు. మిగతావాళ్ళు ఎప్పుడైనా సరదాకి పెట్టుకునేవారు. గౌరునాయుడు రోజూ తవిటయ్య దెయ్యం బండిని ముందు పెట్టుకుని దాని వెనక పడ్డం మొదలెట్టాడు. అది బ్రేకు వేస్తే బ్రేకు వేశాడు. అది తిరిగితే తిరిగాడు. అది లేస్తే లేచాడు. దారి చూడ్డం మానేశాడు. ఆ గాజు బండి తోక తప్ప వాడి కళ్ళకి ఇంకోటి ఆనేది కాదు. వేలు వాడిదే, తిప్పేది మాత్రం తవిటయ్య, అలా అయిపోయింది పరిస్థితి.

అదే గదిలో మూల కంప్యూటర్ దగ్గర హైమ అని నర్సింగ్ చదివే అమ్మాయి ఆడుకునేది. రావడం, తల వంచుకుని ఆడుకోవడం, వెళ్ళిపోవడం. తెర మీద తవిటయ్య పేరు కింద గౌరునాయుడి పేరు, దాని కిందే ఆ అమ్మాయి పేరు ఉండేది, అదీ వెంట్రుక వాసి తేడాలో. గౌరునాయుడు ఎప్పుడూ కిందికి చూడలేదు. పైనున్న ఒక్క పేరే వాడి కంట్లో నలుసు.

ఇలా ఉండగా కామేశ్వరి ఒక కబురు చెప్పింది. విజయనగరంలో పెద్ద హాల్లో పోటీ పెడుతున్నారు. గోడంత తెర మీద ఆట. చుట్టుపక్కల ఊళ్ళ సెంటర్లన్నీ ఒక్కొక్కరినే పంపాలి.

"పై ఆదివారం మన దగ్గర మూడు రౌండ్ల పందెం పెడతాను. నెగ్గినవాళ్ళే బొబ్బిలి తరఫున వెళ్తారు. అక్కడ వాన ట్రాకంట, కాబట్టి మనమూ వాన ట్రాకే ఆడాలి. ఆ రోజే తెరుస్తాను, అందాకా ఎవరూ ముట్టుకోకండి."

వాన ట్రాక్ అంటే అదే స్టేడియం, కానీ వాన కురుస్తూ ఉంటుంది. గోతులన్నీ నీళ్ళు నిండి పైకి నేలలాగే కనబడతాయి. సెంటర్లో ఎవరూ అది ఆడలేదు. గౌరునాయుడొక్కడే విశాఖలో పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు తమ్ముడి కంప్యూటర్లో ఆడాడు. మూడు దిబ్బలు వరసగా వచ్చే చోట దూకి ఎడమ పక్కకి దిగితే, గోడ వారగా పెద్ద నీళ్ళ గొయ్యి ఉంటుందని వాడికి బాగా తెలుసు. ఎందుకంటే అందులో మునిగినవాడే.

బొబ్బిలి తరఫున వెళ్ళాలి. గోడంత తెర మీద తన బండి పరుగెత్తాలి. ఆ వారమంతా వాడికి వేరే ఆలోచన లేదు. ఆ ఆలోచన చివర్లో ప్రతిసారీ తవిటయ్య మొహమే వచ్చి నిలబడేది.

శుక్రవారం తవిటయ్య వాడిని వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు.

"గురువా, వాన ట్రాకు నువ్వు ఆడేవంట కదా. నాకేటీ తెలీదు. ఒక్క కిటుకు చెప్పవా?"

గౌరునాయుడు గుమ్మంలో నిలబడి తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. నిజం చెప్పెయ్యొచ్చు. చెప్పి ఉంటే ఈ కథే లేదు.

"మూడు దిబ్బలు వరసగా వస్తాయి చూడు, అక్కడ ఎడమ పక్కకి దిగు. గోడ వారగా నేల గట్టిగా ఉంటాది. అందరినీ దాటిపోతావు" అన్నాడు.

"అలాగా?"

"కానీ మొదటి రెండు రౌండ్లలో వాడకు. అందరూ చూసేస్తారు. ఆఖరి రౌండుకి దాచుకో."

తవిటయ్య కళ్ళు చెమర్చాయి. "నీకూ వెళ్ళాలని ఉంటాది కదా. అయినా నాకు చెప్పేవు. ఇలాంటోడు ఎవడుంటాడ్రా" అని వాడి చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. గౌరునాయుడికి లోపల ఎక్కడో చురుక్కుమంది. పందెం తలుచుకున్నాడు, చురుకు సర్దుకుంది.

ఆదివారం సెంటర్లో నిలబడ్డానికి చోటు లేదు. అందరూ సమానంగా ఆడాలని కామేశ్వరి స్టీరింగు పక్కన పెట్టించేసింది, అందరికీ కీబోర్డులే. తవిటయ్య, గౌరునాయుడు, హైమ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు కూర్చున్నారు. పందెంలో దెయ్యం బండ్లు ఉండవు, అన్నీ నిజం బండ్లే. తవిటయ్యది ఎర్ర ట్రక్కు.

జెండా ఊగింది. వాన జోరుగా పడుతోంది. ముందు బండ్ల చక్రాల నుంచి లేచిన బురద తెరంతా చిమ్ముతోంది. మొదటి రౌండులో ఇద్దరు కుర్రాళ్ళూ గోతుల్లో దిగబడి వెనకబడ్డారు. రెండో రౌండు అయ్యేసరికి ముందు తవిటయ్య, వాడి తోకకి అంటుకున్నట్టు గౌరునాయుడు, కాస్త వెనక హైమ.

"దాటేయ్ గౌరూ, కుడి పక్క ఖాళీ ఉంది కదా" అన్నారు ఎవరో వెనకనుంచి.

నిజమే, ఖాళీ ఉంది. కానీ వాడికి ఆ ఖాళీ కనబడలేదు. వాడి కళ్ళు ఎర్ర ట్రక్కు వెనక దీపాల మీదే ఉన్నాయి. పైగా దాటాల్సిన పనేముంది, ఇంకాసేపట్లో వాడే గొయ్యిలో పడతాడు, నేను నింపాదిగా వెళ్ళిపోతాను అనుకున్నాడు.

ఆఖరి రౌండు వచ్చింది. మూడు దిబ్బలూ వచ్చాయి. తవిటయ్య మొదటిది దాటాడు, రెండోది దాటాడు, మూడోదాని మీంచి గాల్లోకి లేచి, గురువు చెప్పినట్టే ఎడమ పక్కకి ఒరిగాడు. గౌరునాయుడు చూశాడు. పడ్డాడ్రా అనుకున్నాడు. లోపల నవ్వు పుట్టింది. ఆ నవ్వు పెదాల దాకా వచ్చేలోపే వాడి వేలు ఎడమ మీట నొక్కేసింది.

ఎర్ర ట్రక్కు నీళ్ళ గొయ్యిలో ముక్కు గుచ్చుకుని తలకిందులైంది. దాని మీదే గౌరునాయుడి ట్రక్కు వచ్చి పడింది. రెండూ పొట్టలు పైకెత్తి, చక్రాలు గాల్లో తిప్పుకుంటూ ఉండిపోయాయి. కుడి పక్కనుంచి హైమ బండి బురద చిమ్ముకుంటూ వెళ్ళి గీత దాటేసింది.

తర్వాత హైమ తలెత్తి, "మిగతావాళ్ళేరీ?" అంది. గది గదంతా పడీ పడీ నవ్వింది.

"పిల్ల నెగ్గేసింది. ఈ డ్రైవర్లిద్దరూ జంటగా స్నానానికి దిగేరు" అంది కామేశ్వరి.

బయటికి వచ్చాక గౌరునాయుడు మెట్ల మీద కూర్చున్నాడు. తవిటయ్య వచ్చి పక్కన కూర్చుని, వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"బాధపడకురా. నువ్వు చెప్పినట్టే తిరిగేను, నువ్వూ అటే తిరిగేవు. పాపం, అక్కడ గొయ్యుందని నీకూ తెలీదన్నమాట. నేనొక్కడినే పడి ఉంటే, కావాలని చెప్పేవేమో అనుకుందును."

ఆ చెయ్యి గౌరునాయుడికి బరువైపోయింది. తిట్టినా తట్టుకునేవాడేమో. వాడు నమ్మడం తట్టుకోలేకపోయాడు.

"తెలుసురా" అన్నాడు నేల చూపులు చూస్తూ. "ముందే తెలుసు. నువ్వు పడాలనే చెప్పేను."

తవిటయ్య చెయ్యి మెల్లగా తీసేశాడు. ఆ నవ్వు మొహం మీద నవ్వు లేకపోవడం గౌరునాయుడు అదే మొదటిసారి చూడ్డం. తవిటయ్య అడిగాడు.

"సరే. నేనంటే తెలీక తిరిగేను. తెలిసి తెలిసి నువ్వెందుకు తిరిగేవు?"

గౌరునాయుడు తన చేతులకేసి చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ తవిటయ్య ఎటు తిరిగితే అటు తిరగడమే తప్ప, తను ఎటు వెళ్ళాలో వాడి చేతులు మర్చిపోయాయి. వాడు ఆ కీబోర్డు ముందు తన బండి నడిపి ఎన్నాళ్ళయిందో.

తవిటయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు. "విజయనగరం హైమ వెళ్తాది. వాన ట్రాకులో గోతులెక్కడెక్కడున్నాయో నీకొక్కడికే తెలుసు. వెళ్ళి ఆ పిల్లకి చెప్పు. ఈసారి నిజం చెప్పు" అన్నాడు. అని, వెనక్కి చూడకుండా సందు దాటి వెళ్ళిపోయాడు.

గౌరునాయుడు కాసేపు అక్కడే కూర్చున్నాడు. వెళ్ళాల్సినవాడు తను. వెళ్తున్నది ఇంకొకరు. చెప్పకపోతే అడిగేవాడు కూడా లేడు. అయినా లేచాడు. లోపలికి వెళ్ళి, హైమ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మూడు దిబ్బల తర్వాత కుడి పక్కే దిగమ్మా. దాని తర్వాత మలుపులో ఇంకో గొయ్యి ఉంది, అది నేలలాగే కనబడతాది, మోసపోకు" అని మొదలుపెట్టి, తెలిసిందంతా ఒక్కటి దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి కళ్ళు దారి మీదే ఉన్నాయి. చాలా రోజుల తర్వాత వాడికి ఆ స్టేడియం మొత్తం కనబడింది.

నాయనా, అమ్మా, అసూయ పడేవాడు పక్కవాడిని ఓడించడానికి పరుగెడుతున్నాననుకుంటాడు గానీ నిజానికి వాడి వెనకే పరుగెడుతుంటాడు, వాడు గోతిలో పడినా వెంటే పడతాడు. అందుకే ఎదుటివాడి గెలుపు మీద పెట్టిన కళ్ళు తీసి మన దారి మీద పెట్టుకోవాలి, ఇదే ఈ కథలో నీతి.