ఎవరి మూర

“పోలినాయుడూ! ఆ చెయ్యి తియ్యి నేల మీంచి!”

సన్యాసమ్మ కేకకి మేస్త్రీ చేతిలో ముగ్గుడబ్బా ఆగిపోయింది. పోలినాయుడికి చెవులు కాలిపోయాయి. అన్న పోవడంతో మొదలవకుండానే ఆగిపోయిన ఇంటిని తనే పూనుకుని లేపుదామని తెల్లారకముందే వచ్చాడు. తన మూరతో కొలిచి పునాదికి ముగ్గు పోయిస్తున్నాడు. వదిన ఇచ్చే మర్యాద ఇదా!

“మూర మూరే కద వదినా. ఎవరి చెయ్యయితే ఏటి?”

“ఏటా? ఈ ఊళ్లో ఇల్లు ఎవరి మూరతో కొలిస్తే వాళ్లది. మీ అయ్య నీకు చెప్పనేదా?”

అతను అక్కణ్ణించి విసవిసా గురువు నిర్వాణయ్య పాకకి నడిచాడు. దారి పొడుగునా మంచు కురుస్తూనే ఉంది గాని అతని ఒంట్లో మంట చల్లారలేదు. గురువు తాటాకు బుట్ట అల్లుకుంటున్నాడు. అడిగినదానికి వాదం పెట్టుకోవడం ఆయనకి అలవాటు లేదు.

“స్వామీ, మూరంటే ఎంత? పూలమ్మి మోచేతి నుంచి మొదలెట్టి వేళ్ల దగ్గర ముడుచుకుంటది. బట్ట నేసే సాలీ వేలికొస దాటించి ఇంకో బెత్తెడు వదులుతాడు. వడ్రంగి బద్ద మీద గీత గీసి అదే మూరంటాడు. ఒక్క మాటకి ఇన్ని కొలతలా? ఆ మాట పుట్టుకలోనే మోసం ఉందా? దాని మూలాన్నే కదా మా వదిన నన్ను దొంగని చూసినట్టు చూసింది!”

నిర్వాణయ్య బుట్ట పక్కన పెట్టి లేచాడు. “పద,” అన్నాడు.

ఇంటి స్థలం దగ్గర ఆయన సన్యాసమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, నీ చెయ్యి పెట్టు.”

ఆమె వంగింది. గాజుల్లేని ఆ చెయ్యి తడి నేల మీద పిట్ట వాలినట్టు వాలింది. మోచెయ్యి ఆనిన చోట ఒక గురుతు, వేలికొస దగ్గర ఇంకో గురుతు. అలా పాత లెక్కకే మూర వెంట మూర సాగుతుంటే, మేస్త్రీ పాత గీత చెరిపి వెనకాలే కొత్త ముగ్గు పోసుకుంటూ వచ్చాడు. ఇల్లు అన్ని వైపులా లోపలికి ముడుచుకుపోయింది. పడమటి గది మరీ ఇరుకైంది.

పోలినాయుడు ఉండబట్టలేకపోయాడు. “చూసారా స్వామీ! ఆ గదిలో మంచమైనా పడుతుందా? పొడుగు చెయ్యి పెట్టి పెద్ద ఇల్లు ఇస్తానంటే కాదంటది!”

“చిన్నదైతే అయింది. దాని తలుపు నేనే వేసుకుంటాను, నేనే తీసుకుంటాను,” అంది సన్యాసమ్మ.

మేస్త్రీ నవ్వాపుకోలేక, “మంచం ఆవిడది బావూ, నడుం నొప్పి నీకేటి?” అన్నాడు.

పోలినాయుడు అతని మీదికి చెయ్యెత్తబోయాడు. గురువు ఆ చేతిని మెల్లిగా పట్టుకుని కిందికి దించాడు.

“ఇరుకయ్యేది ఆవిడ ఇల్లు కదా. ఊపిరాడనిది నీకెందుకురా?”

చెరిపేసిన గీత తాలూకు ముగ్గు పోలినాయుడి కాళ్ల కింద ఇంకా తెల్లగా మెరుస్తోంది. అతను దాని మీంచి తలెత్తి వదిన ముఖంలోకి చూశాడు.

“ఇల్లు నాదవ్వాలనే వదినా... నువ్వు లేవకముందే వచ్చి నా చెయ్యి పెట్టాను.”